‘కైండ్లీ రివర్ట్’ అని రాసిన పాపానికి...

ఈ వారం ఉత్తరం హైదరాబాద్ నుంచి. పేరు వద్దన్నారు, కంపెనీ పేరు అసలే వద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం, రెండు మూడు చోట్ల ఒకే విషయం మళ్ళీ మళ్ళీ రాశారు, అంటే అది లోపల ఎంతగా తిరుగుతోందో అర్థమవుతోంది. క్లుప్తంగా నా మాటల్లో చెప్తా.

ఆవిడకి 31 ఏళ్ళు. పదో తరగతి దాకా ఖమ్మం వైపు ఒక ఊళ్ళో తెలుగు మీడియం, తర్వాత ఇంటర్, బీటెక్, ఏడేళ్ళ నుంచి ఐటీ ఉద్యోగం. అమెరికా క్లయింట్ ఒకళ్ళ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసే టీమ్‌లో పని. ఒక గురువారం రాత్రి కొత్త మార్పు ఒకటి లైవ్‌లోకి వెళ్ళింది. మర్నాడు సాయంత్రం క్లయింట్ వైపు నుంచి ఆ మార్పు మీద రెండు ప్రశ్నలు వచ్చాయి. ఈవిడ వాటిని టికెట్‌లో (టీమ్ అంతా చూసేలా ఒక్కో పని గురించి రాసుకునే ఆన్‌లైన్ ఎంట్రీ) పెట్టి, టెక్సస్‌లో ఉన్న తన టీమ్ ఇంజనీర్‌ని ట్యాగ్ చేసి కింద ఇలా రాశారు: ‘క్లయింట్ హ్యాజ్ సమ్ కన్సర్న్స్ ఆన్ ఎస్టర్‌డేస్ చేంజ్. కైండ్లీ రివర్ట్ బై ఈఓడీ.’ ఈవిడ ఉద్దేశం, ఆ రెండు ప్రశ్నలకి సాయంత్రంలోపు జవాబు చెప్పు బాబూ అని. ఆయనకి అర్థమైంది, నిన్న పెట్టిన మార్పుని సాయంత్రంలోపు వెనక్కి తీసెయ్ అని. ఆయన శుక్రవారం సాయంత్రం, అంటే మనకి శనివారం తెల్లవారుజామున మూడున్నరకి, చెప్పినట్టే తీసేసి ‘డన్’ అని రాసి వీకెండ్‌కి వెళ్ళిపోయాడు. ఈవిడ నిద్రలో ఉన్నారు. శని, ఆదివారాలు రెండు రోజులూ ఇన్వాయిస్‌లన్నీ పాత రేట్లతో వెళ్ళిపోయాయి, సోమవారం గొడవ.

తర్వాత రాసిన ఆర్‌సీఏలో (తప్పు ఎక్కడ జరిగిందో రాసే రిపోర్ట్) కారణం అన్నచోట ‘ఆఫ్‌షోర్ (అంటే ఇక్కడి ఇండియా టీమ్) నుంచి తప్పు కమ్యూనికేషన్’ అని ఒకే ఒక్క లైన్, పక్కనే ఈవిడ రాసిన కామెంట్ స్క్రీన్‌షాట్. క్లయింట్ కాల్స్ నుంచి తప్పించారు. అప్రైజల్‌లో కమ్యూనికేషన్ ఇంప్రూవ్ చేసుకోవాలి అని రాశారు. జూనియర్లు ‘రివర్ట్ అక్క’ అంటున్నారు, ఎదురుగా కాదు గానీ వినపడేలా. భర్త ‘వదిలెయ్, వేరే కంపెనీ చూసుకో’ అంటున్నారట. వాళ్ళ నాన్నగారు ప్రభుత్వ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు, ఆయనతో ఫోన్లో ఏడుస్తూ ‘నాన్నా, రివర్ట్ వల్ల నా పరువు పోయింది’ అంటే ఆయన కాసేపు ఏం మాట్లాడకుండా ఉండి ‘రివర్ట్ చేసేంత తప్పు ఏం చేశావమ్మా’ అన్నారట. ఇంకేం చెప్పలేక ఫోన్ పెట్టేశారు.

ఆవిడ అడిగినవి మూడు. నేను రాసింది నిజంగా తప్పు ఇంగ్లీషా? ఆర్‌సీఏ గురించి గొడవ పడాలా, ఊరుకోవాలా? ఉద్యోగం మారనా, లేకపోతే ఏదైనా స్పోకెన్ ఇంగ్లీష్‌లో చేరనా?

ఇక నా సమాధానం.

అమ్మా, ముందు మొదటి ప్రశ్న తేల్చేద్దాం, ఎందుకంటే మిగతా రెండిటికీ మీరు తప్పు చేశానన్న భయంతోనే జవాబు వెతుకుతున్నారు, అలా వెతికితే అన్నీ వంకరగానే కనిపిస్తాయి.

మీరు రాసింది తప్పు ఇంగ్లీష్ కాదు, ఇండియన్ ఇంగ్లీష్. ఈ రెండూ ఒకటి కాదు. ‘రివర్ట్’ అంటే జవాబివ్వడం అనే వాడుక మన దేశంలో బ్యాంకు, కోర్టు గుమాస్తా, ఇన్సూరెన్స్ ఏజెంటు, హెచ్ఆర్ అమ్మాయి అందరి దగ్గరా ఉంది. మన దగ్గరే కాదు, సింగపూర్, మలేషియా, హాంకాంగ్‌లలో కూడా ఆఫీసు మెయిల్స్‌లో ఇదే అర్థంలో రాస్తారు. కొన్ని ఇంగ్లీష్ డిక్షనరీలు పక్కన ఇండియన్ ఇంగ్లీష్ అని గుర్తు పెట్టి మరీ ఈ అర్థం ఇస్తున్నాయి. ఇన్ని కోట్ల మంది ఒక మాటని ఒకే అర్థంలో వాడి, ఒకళ్ళ మాట ఒకళ్ళకి అర్థమై, పనులు జరిగిపోతుంటే దాన్ని తప్పు అనడం కుదరదు. కానీ అమెరికాలో ఆ అర్థం లేదు. అక్కడ రివర్ట్ అంటే పాత స్థితికి వెళ్ళిపోవడం, అంతే. పైగా మీ ఇంజనీర్ లాంటి కోడ్ రాసేవాళ్ళకి అది రోజూ కొట్టే కమాండ్. గిట్‌లో (కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) రివర్ట్ అంటే ముందు చేసిన మార్పుని రద్దు చేస్తూ కొత్త కమిట్ (నమోదైన మార్పు) వేయడం, మీకు నేను చెప్పక్కర్లేదు. పొద్దున్నే కాఫీ కప్పుతో కూర్చుని టికెట్ తెరిచినవాడికి ‘నిన్నటి మార్పు మీద క్లయింట్‌కి ఇబ్బందులున్నాయి, రివర్ట్’ అని కనిపిస్తే ఏం చేస్తాడు, మీరు ఆ కుర్చీలో ఉంటే మీరూ అదే చేసేవారు.

మీ రెండు వాక్యాలూ ఇంకోసారి చూడండి, కోపం లేకుండా. రెండో వాక్యంలో కర్మ లేదు. దేన్ని రివర్ట్ చేయాలి, ఎవరికి రివర్ట్ అవ్వాలి, రెండూ లేవు. ‘రివర్ట్ టు మీ’ అని ఉంటే ఆయన కొంచెం ఆగేవాడు, విచిత్రంగా ఉందే అనుకుని అడిగేవాడు. ఆ ‘టు మీ’ మన అలవాటులో ఎప్పుడో ఎగిరిపోయింది. ఖాళీగా వదిలేసిన ఆ చోట్లో ఆయన పై వాక్యంలో ఉన్న ‘చేంజ్’ తెచ్చి పెట్టుకున్నాడు. పైగా మీరు క్లయింట్ అడిగినవాటిని ప్రశ్నలు అనకుండా కన్సర్న్స్ అన్నారు, ఆ మాటలో ఆందోళన ఉంది కాబట్టి వెనక్కి తీసేయడం ఆయనకి న్యాయంగానే అనిపించి ఉంటుంది.

తమాషా ఏంటంటే తెలుగులో మాట్లాడుకునేటప్పుడు మనకి ఈ గందరగోళం రాదు. ‘కోడ్ రివర్ట్ చేసెయ్’ అంటాం, ‘క్లయింట్ ఇంకా రివర్ట్ అవ్వలేదు’ అంటాం, ‘రేపటికల్లా రివర్ట్ ఇవ్వండి’ అంటాం. చెయ్, అవ్వు, ఇవ్వు, ఈ చిన్న క్రియలే అర్థాన్ని విడదీసి పెడతాయి. అందరూ ఇంత శుభ్రంగా మాట్లాడతారని కాదు, కొందరు జవాబుకి కూడా రివర్ట్ చేస్తా అనేస్తారు, కానీ ఎక్కువమంది నోట మీ టీమ్‌లోనే విని చూడండి. ఇంగ్లీష్‌లో రాసేసరికి ఆ తోక ఊడిపోయి రివర్ట్ ఒక్కటే మిగిలింది. అంటే మీ బుర్రలో అర్థం స్పష్టంగానే ఉంది, కాగితం మీదకి వచ్చేటప్పుడు సగం తెలుగులోనే ఉండిపోయింది.

ఇక ఈ మాట ఎక్కడిదో కూడా చెప్తా, ఇది ఓదార్పు కోసం కాదు, నిజంగా బాగుంటుంది. లాటిన్‌లో ‘వెర్తెరే’ అంటే తిరగడం, తిప్పడం. దానికి ముందు ‘రె’ చేరిస్తే వెనక్కి తిరగడం. పాత ఫ్రెంచ్ మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీష్‌లోకి వచ్చింది. కన్వర్ట్, డైవర్ట్, ఇన్వర్ట్, వెర్షన్, అడ్వర్టైజ్, కళ్ళు తిరిగే వెర్టిగో, అన్నీ ఒకే ఇంటి పిల్లలు. పద్యం అనే అర్థంలో ‘వర్స్’ కూడా అక్కడిదే, నాగలి సాలు చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరుగుతుంది కదా, అలా తిరిగే ఒక్కో సాలు ఒక్కో లైన్ అన్నమాట.

ఆ లాటిన్ వెర్తెరే, మన సంస్కృతంలో ‘వృత్’ ధాతువు అక్కచెల్లెళ్ళు. వృత్తం, ఆవృత్తి, పరివర్తన, మీరు రోజూ వాడే ‘ఈ రూల్ మాకు వర్తించదు’లోని వర్తించడం, అన్నిట్లో అదే తిరుగుడు. ఇప్పుడు ఇది చూడండి. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడాన్ని మనం తెలుగులో ఏమంటాం? సందేహ నివృత్తి. నివృత్తి అంటే అసలు అర్థం వెనక్కి మళ్ళడం, ఆగిపోవడం. అంటే సందేహాన్ని వెనక్కి మళ్ళించడం. రివర్ట్‌కి మనవాళ్ళు జవాబు అనే అర్థం అంటగట్టారని నవ్వేవాళ్ళకి తెలీదు గానీ, అదే ధాతువుని మనం జవాబు చెప్పే చోట ఎప్పటినుంచో వాడుతున్నాం. ఇండియన్ ఇంగ్లీష్ అర్థం దీన్నుంచే పుట్టిందని నేను అనట్లేదు, అలా అంటే అబద్ధం. నాకు తోచింది ఏంటంటే, ఇంగ్లీష్ వాళ్ళు ఉత్తరాల్లో, ఉపన్యాసాల్లో ‘రివర్ట్ టు ద సబ్జెక్ట్’ అని రాసేవాళ్ళు, అంటే మళ్ళీ ఆ విషయానికి వస్తాను అని. విషయానికి తిరిగి రావడం కాస్తా మీ దగ్గరికి తిరిగి రావడం అయింది, అది జవాబివ్వడం అయి కూర్చుంది. ఆఫీసు భాష అంతా ఇలాగే జారుతూ ఉంటుంది.

మీ నాన్నగారి దగ్గరికి వద్దాం. ఆయన అన్నది విని మీరు ఇంకా ఏడ్చారు కానీ పాపం ఆయన మాటలో తప్పేం లేదు, ఆయనకి ఈ మాటకి మూడో అర్థం తెలుసు. ప్రభుత్వ ఉద్యోగంలో రివర్షన్ అంటే పై పోస్టు నుంచి కింద పోస్టుకి దింపేయడం. ప్రమోషన్ మీద వెళ్ళినవాణ్ణి మళ్ళీ పాత పోస్టులో కూర్చోబెడితే ‘రివర్ట్ చేశారు’ అంటారు. ఆయన సర్వీసులో ఆ ఆర్డర్ అందుకున్న మనిషి మొహం ఎవరిదో ఒకరిది చూసే ఉంటారు. అసలు ఆ రివర్ట్ శిక్షా కాదా అన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది తెలుసా? రైల్వేలో పనిచేసిన పర్షోత్తం లాల్ ధింగ్రా అనే ఆయన్ని తాత్కాలికంగా ఇచ్చిన పై పోస్టు నుంచి కిందికి దింపారు, ఆయన ఇది రాజ్యాంగం 311వ అధికరణం (ప్రభుత్వ ఉద్యోగిని విచారణ లేకుండా తీసేయకుండా, దింపేయకుండా కాపాడేది) కింద శిక్ష అని కేసు వేశారు. 1957లో ఐదుగురు జడ్జిల బెంచ్ తేల్చింది ఏంటంటే, ఆ పోస్టు మీద ఆయనకి హక్కు లేదు కాబట్టి వెనక్కి పంపడం ఒక్కటే శిక్ష కాదు, శిక్ష కావాలంటే దాంతో పాటు ఇంకేదో నష్టం కలిగి ఉండాలి అని. ఆ తీర్పు ఇప్పటికీ సర్వీసు కేసుల్లో చెప్తుంటారు. ఒకే మాట, మీ నాన్నగారికి డిమోషన్, మీకు జవాబు, టెక్సస్ ఆయనకి రద్దు. ముగ్గురూ కరెక్టే.

ఇలా పొరబడింది మనం మాత్రమే కాదు. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు బ్రిటిష్, అమెరికన్ సైన్యాధికారులు కూర్చున్న మీటింగ్ ఒకదాని గురించి చర్చిల్ తన జ్ఞాపకాల్లో రాశాడు. బ్రిటిష్ వాళ్ళు ఒక పేపర్‌ని ‘టేబుల్’ చేద్దాం అన్నారు, వాళ్ళ భాషలో వెంటనే చర్చకి పెట్టడం. అమెరికన్లకి టేబుల్ చేయడం అంటే పక్కన పడేయడం. ఇది ముఖ్యమైన విషయం, టేబుల్ చేయడానికి వీల్లేదని వాళ్ళ వాదన. చాలాసేపు గట్టిగా పోట్లాడుకున్నాక తెలిసింది ఇద్దరూ ఒకటే కోరుకుంటున్నారని. వాళ్ళిద్దరిదీ మాతృభాష ఇంగ్లీషే, గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత ఏ బ్రిటిష్ అధికారికీ కమ్యూనికేషన్ ఇంప్రూవ్ చేసుకోమని అప్రైజల్‌లో రాసి ఉండరు. నా సంగతి కూడా చెప్పనా, నేను ఒకసారి విదేశంలో ఉన్న ఒకావిడకి ‘ఐయామ్ ఔట్ ఆఫ్ స్టేషన్’ అని మెయిల్ పెడితే, రైలు తప్పిపోయిందా అని అడిగింది పాపం. తెల్లదొరలు తమ అధికారులు ఉండే ఊళ్ళని స్టేషన్ అనేవాళ్ళు, వాళ్ళు పోయారు, ఆ మాట మన దగ్గర ఉండిపోయింది.

సరే, ఇక ఆర్‌సీఏ.

ఇక్కడ నేను మీ లీడ్ (టీమ్‌ని నడిపే ఆయన) మీద కొంచెం గట్టిగానే మాట్లాడతా. ఒక మనిషి టికెట్‌లో రాసిన ఒక్క లైన్ కామెంట్ చూసి, ఇంకెవర్నీ అడక్కుండా, లైవ్‌లో ఉన్న బిల్లింగ్‌ని వెనక్కి తిప్పేయగలిగారంటే సమస్య కామెంట్‌లో లేదు. మార్పు పెట్టేటప్పుడు అప్రూవల్ ఉంటుంది కదా, తీసేటప్పుడు ఎందుకు లేదు? తీసేశాక ‘డన్’ అన్నది చూసే మనిషి రెండు రోజులు ఒక్కళ్ళు కూడా ఎందుకు లేరు? మీ ఉత్తరంలో మీరే రాశారు, రోల్‌బ్యాక్‌కి (పెట్టిన మార్పుని వెనక్కి తీయడానికి) లీడ్ అప్రూవ్ చేయాలన్న రూల్ కాగితం మీద ఉంది కానీ ఎవరూ పాటించరు అని. మరి ఆ లైన్ ఆర్‌సీఏలో ఏది? కారణాలు వెతుక్కుంటూ వెళ్ళి మొదట దొరికిన మనిషి దగ్గర ఆగిపోతే అది ఆర్‌సీఏ కాదు, పంచాయితీ.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఏది ఎంచుకున్నా దానికో ఖర్చు ఉంది, అది తెలిసి ఎంచుకోండి.

ఊరుకోవచ్చు. ఇది పిరికితనం ఏం కాదు. రేటింగ్ ఇప్పటికే లాక్ అయిపోయి ఉంటే ఆ రిపోర్ట్ మారినా జీతంలో రూపాయి తేడా రాదు, ఆరు నెలలు పోతే ఆ ఫైల్ ఎవరూ తెరవరు. కానీ ఊరుకుంటే కాల్స్ నుంచి తప్పించడం అనేది దానంతటదే పోదు. ఎవరూ ఇంక ఆ అమ్మాయిని కాల్‌లోకి పిలుద్దాం అని గుర్తుపెట్టుకుని పిలవరు, అది అలవాటైపోతుంది, మీకూ అలవాటైపోతుంది, నాకు భయం రెండోదాని గురించే. కాబట్టి ఊరుకోవాలనుకుంటే ఆర్‌సీఏ విషయంలో ఊరుకోండి, కాల్స్ విషయంలో కాదు. ఏ తేదీ నుంచి మళ్ళీ కాల్స్‌లో ఉంటానో చెప్పండి అని లీడ్‌ని అడగండి. ‘చూద్దాం’ అంటే రెండు వారాలకి మళ్ళీ అడగండి.

లేదా రిపోర్ట్‌కి రెండు లైన్లు చేర్పించవచ్చు. నా మొగ్గు దీనివైపే, అయితే ఎలా చేర్పిస్తారన్నదే అసలు పని. అందరికీ సీసీ పెట్టి మెయిల్ కొట్టారనుకోండి, టెక్సస్ ఆయనా మీ లీడూ ఒకటైపోతారు, ఎందుకంటే మీ పాయింట్ నిజమైతే తప్పు వాళ్ళిద్దరి మీదకీ వెళ్తుంది. ఒంటరిగా లీడ్‌తో పదిహేను నిమిషాలు టైమ్ తీసుకోండి, తెలుగువాడైతే తెలుగులోనే మాట్లాడండి, ఇందులో నామోషీ ఏం లేదు. ‘నేను రాసిన లైన్ రెండు రకాలుగా అర్థమయ్యేలా ఉంది, అది నాదే. కానీ రేపు ఇంకొకరు ఇంకో మాట రాస్తారు, అప్పుడూ ఇదే జరుగుతుంది, రోల్‌బ్యాక్‌కి కూడా అప్రూవల్ తప్పనిసరి అని ఆర్‌సీఏలో యాక్షన్ ఐటమ్‌గా పెడదాం, మీరే పెట్టండి’ అనండి. మీరే పెట్టండి అన్న ఆ చివరి మాట ముఖ్యం, క్రెడిట్ ఆయనకి వెళ్ళనివ్వండి. మీ పేరు పక్కన ఉన్న లైన్ పోకపోవచ్చు, దాని కింద ఇంకో లైన్ వస్తుంది, చదివేవాడికి ఆ తేడా తెలుస్తుంది. ఒకవేళ లీడ్ మొహం మాడ్చుకుని వద్దంటే? అప్పుడు మీ సంభాషణ సారాంశం నాలుగు వాక్యాల్లో ఆయనకే ఒక మెయిల్ పెట్టి ఊరుకోండి. ఆయన మీద కోపం కోసం కాదు, వచ్చే ఏడాది అప్రైజల్‌లో మళ్ళీ ఈ మాటే వస్తే చూపించడానికి మీ దగ్గర ఒక కాగితం ఉంటుంది.

టెక్సస్ ఆయనతో మీరు ఈ మధ్యకాలంలో ఒక్కసారి కూడా మాట్లాడలేదని రాశారు. మాట్లాడండి. ఆయన కూడా ఆ సోమవారం తిట్లు తినే ఉంటాడు, మీ మెసేజ్ కోసం చూస్తూ ఉండి ఉండొచ్చు కూడా. మా దగ్గర ఆ మాటకి అర్థం ఇది, మీ దగ్గర అది, నాకు ఇప్పుడే తెలిసింది అని ఒక చిన్న చాట్. చాలామందికి ఇలాంటివి చెప్తే సరదాగా వింటారు.

ఉద్యోగం మారడం. మీ ఆయన ప్రేమతోనే అంటున్నారు, మీరు రోజూ ఏడుస్తుంటే చూడలేక. మారండి, తప్పేం లేదు, ఏడేళ్ళు ఒకేచోట ఉన్నారు, బయట జీతం కూడా ఎక్కువ రావచ్చు. కానీ నోటీస్ పీరియడ్ మూడు నెలలు అని రాశారు, ఆ మూడు నెలలు ఇదే సీట్లో, ఇదే పేరు వింటూ కూర్చోవాలి. వెళ్ళిన చోట కూడా క్లయింట్ అమెరికావాడే అయి ఉంటాడు. మీరు ఇప్పుడు కాల్స్‌లో మ్యూట్‌లో ఉండి వెళ్ళిపోతే అక్కడ కూడా మొదటి నెల మ్యూట్‌లోనే ఉంటారు, అదీ నా అనుమానం. ఒక్క రెండు కాల్స్ ఇక్కడ మళ్ళీ మాట్లాడి, ఆ తర్వాత పేపర్లు వేయండి. అప్పుడు మీరు పారిపోయినట్టు మీకే అనిపించదు.

స్పోకెన్ ఇంగ్లీష్ గురించి నిజం చెప్తా, చేరితే నష్టం లేదు, కానీ మీ రోగానికి మందు అది కాదు. అమీర్‌పేటలో ఏ గల్లీలోకి వెళ్ళినా బోర్డులుంటాయి, వాళ్ళు ‘డిస్కస్ అబౌట్’ అనకూడదని చెప్తారు, ఉచ్చారణ దిద్దుతారు, నలుగురి ముందు నిలబెట్టి మాట్లాడిస్తారు, బిడియం ఉన్నవాళ్ళకి మంచిదే. అయితే మీ బిడియం ఇంగ్లీష్ రాక వచ్చింది కాదు, మీ ఉత్తరంలోనే మీరు ఉటంకించిన మెయిల్స్ శుభ్రంగా ఉన్నాయి. ఆ ఇన్‌స్టిట్యూట్ సార్ కూడా ఫీజు రసీదు మీద ‘కైండ్లీ రివర్ట్’ అనే రాస్తాడేమో!

దానికంటే పనికొచ్చేది ఇంకోటి ఉంది. మన దగ్గర ఒక అర్థం, అవతల ఇంకో అర్థం ఉన్న మాటలు మహా అయితే పదో పదిహేనో ఉంటాయి, అవి ఒక కాగితం మీద రాసుకోండి. రివర్ట్ మీకు తెలిసిపోయింది. ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ ఇంకోటి, మనకి డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న, క్లాసులో చెయ్యెత్తి అడిగేది. వాళ్ళకి డౌట్ అంటే నమ్మకం లేకపోవడం, అంటే మీ డిజైన్ మీద నాకు డౌట్ ఉంది అంటే మీ డిజైన్ పనికిరాదేమో అన్నట్టు వినపడుతుంది. ‘ప్రీపోన్’ అక్కడ చాలామందికి తెలీదు. ‘డూ ద నీడ్‌ఫుల్’ ఒకప్పుడు ఇంగ్లండ్ వాళ్ళే రాసేవాళ్ళు, ఇప్పుడు వాళ్ళు మానేశారు. ఈఓడీ కూడా రాయండి ఆ కాగితంలో, ఎవరి సాయంత్రం అన్నది ఎప్పుడూ తేలదు. ఆ రోజు మీరు ‘ప్లీజ్ ఆన్సర్ దీజ్ టూ క్వశ్చన్స్ బై 4 పీఎం యువర్ టైమ్, నో కోడ్ చేంజ్ నీడెడ్’ అని రాసి ఉంటే ఇంత కథే లేదు. పొడుగ్గా, పిల్లలకి చెప్పినట్టు ఉందని అనిపిస్తుంది. ఉండనివ్వండి. ఆ కాగితం పూర్తయ్యాక మీ టీమ్ గ్రూప్‌లో పెట్టండి, కొత్తగా చేరినవాళ్ళకి ఇవ్వండి. మీ హైదరాబాద్ టీమ్‌లో, బ్యాంకు మెయిల్స్‌లో మాత్రం రివర్ట్ హాయిగా వాడుకోండి, అక్కడ మానేయాల్సిన పనేం లేదు.

‘రివర్ట్ అక్క’ సంగతి. ఆ పిల్లలు విషం పెట్టుకుని అంటున్నారని నాకు అనిపించలేదు, మీరు మొహం తిప్పుకుంటున్నారు కాబట్టి నడుస్తోంది. రెండు రకాలుగా చేయొచ్చు. ఒకటి, పిలిచి సీరియస్‌గా చెప్పడం, నాకు నచ్చట్లేదు ఆపండి అని. ఆపుతారు, కానీ కొన్నాళ్ళు మీరు వస్తే మాటలు ఆగిపోతాయి. రెండోది, గిట్‌లో మెర్జ్ చేసిన (అసలు కోడ్‌లో కలిపేసిన) కోడ్‌ని ఒకసారి రివర్ట్ చేస్తే అదే బ్రాంచ్‌ని (విడిగా రాసుకున్న ఆ కోడ్ శాఖని) మళ్ళీ మెర్జ్ చేసినా అది తిరిగి రాదు, ఆ రివర్ట్‌నే రివర్ట్ చేయాలి కదా, కొత్తవాళ్ళు అక్కడ తలలు పట్టుకుంటారు. అలా ఎవడైనా ఇరుక్కున్న రోజు వెళ్ళి ‘రివర్ట్ అక్క వచ్చింది, జరుగు’ అని కూర్చుని చేసి పెట్టండి. మీ స్వభావానికి మొదటిదే సరిపోతుందనుకుంటే అదే చేయండి, నవ్వు రానప్పుడు నవ్వక్కర్లేదు.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటి మిగిలింది. నాన్నగారికి ఫోన్ చేసి ఎన్ని రోజులైంది? ఆయనకి మీరు ఇంకా అసలు సంగతి చెప్పలేదు. అంటే ఖమ్మంలో ఆ పెద్దాయన ఇప్పటికీ కూతుర్ని కింద పోస్టుకి దింపేశారనే అనుకుంటూ, ఎవరికీ చెప్పకుండా కూర్చుని ఉంటారు. ఈ రాత్రికే చేయండి. పోస్టు అదే ఉంది, జీతం అదే ఉంది, ఆర్డర్ ఏం రాలేదు నాన్నా అని ముందు ఆ మూడు ముక్కలు చెప్పి, తర్వాత మిగతాది మొదలుపెట్టండి.